గోపమ్మ పేరున్న కాగితం నకలు గురించి

దేవరకొండ,
20-4-1961

దేవరకొండ తాలూకా తహశీల్దారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఫసలీ 1288 (ఇంగ్లీషు 1878-79) నాటి విరాసతు, అనగా వారసత్వపు కాగితానికి తెలుగు నకలు, మొహరు ముద్రతో సహా, వైశాఖ పున్నమి లోపల ఇప్పించుట గురించి.

దేవరకొండకు ఎనిమిది మైళ్ల దూరంలోని కంచెగూడెం నివాసి, కురుమ జంగయ్య, వయస్సు నలభై రెండు, వృత్తి గొర్రెల పెంపకం, వినయపూర్వకంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా మూలపురుషుడు బీరప్ప. కాలం చేసి ఎనభై ఏండ్లు దాటింది. ఆయన వంశంలో ఇప్పుడు మిగిలినవి రెండిండ్లే. ఒకటి నాది, రెండవది నా తమ్ముడు లింగస్వామిది. నాకు ఒక్కతే బిడ్డ, అండాలు, తొమ్మిదేండ్లది. తమ్ముడికి నలుగురు కొడుకులు. వాడి గొర్రెలు సైతం కవలలనే ఈనుతాయి. ఈ చివరి మాట అర్జీకి అవసరం లేదని రాసేవారు అన్నారు. నాకు అవసరం గనుక రాయించాను.

2. వంశావళిని కాగితం మీద రాసుకునే ఆచారం మాకు లేదు. గోత్రాలు చెప్పే దశరథం మూడేండ్లకొకసారి వచ్చి, మా వాకిట్లో కూర్చుని, బీరప్ప మొదలుకొని ఊయలలో ఉన్నవాడి దాకా పాడుతాడు. కొత్తగా పుట్టిన మగపిల్లల పేర్లు అప్పుడే కలుపుకుంటాడు. ఆయన నోట పేరు వస్తేనే వంశంలో ఉన్నట్టు. పోయినసారి తమ్ముడి కొడుకుల నలుగురి పేర్లూ చెప్పి, ఒక్కొక్క పేరుకు తాళం గట్టిగా మోగించాడు. నా దగ్గరికి వచ్చేసరికి "జంగయ్యతోని ఈ కొమ్మ నిలిచెను" అని పాట దించేశాడు. అప్పుడు అండాలు నా తొడ మీదనే ఉన్నది. "బాపూ, నా పేరెప్పుడొస్తది?" అని అడిగింది.

"నా బిడ్డ ఈడ ఉండంగ కొమ్మ నిలుచుడేంది?" అని దశరథాన్ని నిలదీశాను. "ఆడివిల్ల సంగతి అత్తగారింట్ల చెప్తరు జంగన్నా" అన్నాడు. నేను నాలుగూళ్లలో విచారించాను. అత్తగారింట్లో దాని కొడుకుల పేర్లు చెబుతారు. దాని పేరు అక్కడా చెప్పరు.

3. అప్పటి నుంచి మా వంశం ఆరా తీస్తున్నాను. ఎనభై ఏండ్ల మా మేనత్త నర్సింగమ్మ "బీరప్పకు కొడుకులు ఏడ ఉన్నర్రా? గోపమ్మ ఒక్కతే బిడ్డ. మల్లయ్య ఇల్లుటం వచ్చిండు" అన్నది. దశరథం మాత్రం ఆ ఇల్లరికపు అల్లుడు మల్లయ్యను బీరప్ప కొడుకని పాడుతాడు. ముసలామె మాట కులపెద్దలు నమ్మరు గనుక, పాత ఉర్దూ కాగితాలు చూపించమని తమ కచ్చేరికి పదకొండు సార్లు వచ్చాను. చివరకు పెన్షన్ మీద ఉన్న మున్షీ గారొకరు దయతలచి, దస్త్రం విప్పించి చదివారు. బీరప్ప పోయినాక ఆయన చెలక భూమి, ఆయన ఏకైక సంతానమైన గోపమ్మ పేరున మారింది. కింద ఆమె నిశానీగా గుండ్రంగా గాజు గీసి ఉన్నది. మా తాతను కన్నది ఆమెనే. అనగా తమ్ముడి నలుగురు కొడుకులూ ఒక ఆడబిడ్డ కొమ్మకు కాసినవారే. అది విన్నప్పుడు కలిగిన ఆనందం తమ వద్ద దాచను. గోపమ్మ దొరికిందని కాదు, తమ్ముడి మొఖం ఎట్లా మాడుతుందో అని.

4. నకలు అడిగితే రికార్డు గుమాస్తా గారు "భూమి తగాదా ఉన్నదా?" అన్నారు. లేదన్నాను. "తగాదా లేనోనికి నకలెందుకు?" అన్నారు. తగాదా పాట గురించి అని మనవి చేయగా, అది ఏ చట్టం కిందికి వస్తుందో రాసి తెమ్మన్నారు. పైగా నేను బీరప్ప వారసుడినని రుజువు కావాలట. ఆ రుజువు వారి చేతిలోని దస్త్రంలోనే ఉన్నది. అది కుదరకపోతే తోటి వారసుడు లింగస్వామి సంతకం తెమ్మన్నారు. ఎవడి నోరు మూయించడానికి ఈ కాగితం అడుగుతున్నానో, వాడి సంతకమే!

5. ఇది వట్టి కుళ్లు అని నా భార్య హనుమమ్మ అంటుంది. "నీ తమ్ముడేం జేసిండయ్యా, నలుగురిని కనుడు తప్పా?" అంటుంది. తప్పు కాదు. కానీ నాలుగోవాడు పుట్టిననాడు వాడు నా భుజం తట్టి, "నీకేం రంధి అన్నా, నావోళ్లు నీవోళ్లు గాదా" అని నవ్వాడు. తిట్టినా ఇంత మండేది కాదు. వాడిని చూసి నేను కుళ్లుతున్నానని కూడా వాడికి తెలియదు. తెలిసి వాడు ఉడికితే నా కడుపుమంటకు అదే మందయ్యేది, అదీ లేకుండా పోయింది.

దశరథం రానున్న పున్నమికి వస్తున్నాడు. అది దాటితే మళ్లీ మూడేండ్లు ఆగాలి. అప్పటికి నా బిడ్డకు సంబంధాలు వస్తాయి, మా వాకిలి దాటిపోతుంది. కావున ఆ లోపల నకలు ఇప్పించి, కులం ముందు చదివించుకునే భాగ్యం కలిగించగలందులకు ఈ గొర్రెలకాపరి మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కురుమ జంగయ్య (వేలిముద్ర)

తా.క.: అర్జీ ఇవ్వబోతే తమరు క్యాంపులో ఉన్నారు. కాగితం నా రుమాలులో ఉండగానే పున్నమి వచ్చింది. మా మేనత్త గోపమ్మ సంగతి తమ్ముడికి ముందే చెప్పేసిందట. వాడు దశరథం ముందు లేచి నిలబడి, "మా వంశమే ఆడివిల్లతోని నిలిచింది. బీరప్ప ఎనుక గోపమ్మను చెప్పు. నా కొడుకులకంటె ముందుగాల మా అన్న బిడ్డ అండాలును చెప్పు. పిల్లలందరిల పెద్దది గదా" అన్నాడు. తన మందలోని పొట్టేలును దశరథానికి కట్నంగా ఇచ్చాడు. దశరథం పాడాడు. ఇప్పుడు గూడెమంతా లింగస్వామిది ఎంత పెద్ద మనసు అంటున్నారు. మూడేండ్లు చెప్పులరిగేలా తిరిగింది నేను, మెప్పు వాడిది.

కనుక నకలు అక్కర లేదు. ఈ అర్జీ మీద ఏప్రిల్ ఇరవయ్యో తేదీ మొహరు వేయించి తిరిగి ఇప్పిస్తే చాలు, ముందు అడిగింది నేనని గూడెంలో చూపించుకుంటాను. ఇక అండాలు పేరు వచ్చినప్పుడు నేను తమ్ముడి మెడ పట్టుకుని ఏడ్చిన సంగతి ఫైలులో చేర్చవద్దని ప్రార్థన.