ప్రేమ్‌సాగర్ కోరిన జడ

జనవరి 6

కొత్తగూడెంలో మహిళల కబడ్డీ టోర్నమెంటట. గేటు దగ్గర పెట్టడానికి ఆర్ట్‌వర్క్ కావాలని క్లబ్ సెక్రటరీ ప్రేమ్‌సాగర్ పిలిపించాడు. థీమ్ స్త్రీశక్తి. ఆ మాట అంటూ, టీ తెచ్చిన భార్య వైపు చూడనైనా లేదు. మీది ఛత్తీస్‌గఢ్ గదా మాసే, తెలుగు మంచిగ మాట్లాడ్తవ్ అని నన్ను పేరుపెట్టి మెచ్చుకున్నాడు. అమ్మ నన్ను చంకనేసుకుని అడవి దాటి చండ్రుగొండ వైపు వచ్చేనాటికి నాకు మాటలే రాలేదు. నేర్చిందే ఇక్కడ. మెచ్చుకోవడానికి వీడెవడు?

జనవరి 12

టార్పాలిన్ మీద చిరిగిన జెర్సీలు, పాత నీక్యాప్‌లు కుట్టాను. ఒంటిరంగుకు జిగురులో కలిపిన బొగ్గుపొడి. వెడల్పు భుజాలు, పొట్టి జుట్టు. కూతకు వెళ్తున్న ఆడమనిషి. నేనే. పదహారేళ్లప్పుడు నేను వరసగా పాయింట్లు తెస్తుంటే, ఇది పిల్ల కాదు పిల్లగాడు అన్నాడు అవతలి కోచ్. గదిలోకి రా, చూస్తం అన్నారు. వెళ్లలేదు. మళ్లీ ఆడనూ లేదు.

జనవరి 18

ప్రేమ్‌సాగర్ వచ్చి చూశాడు. ఏంది గిది, ఆడామెనా మగాయనా తెలుస్తలేదు, ఓ జడ పెట్టు అన్నాడు. మీరే పెట్టుకోండి అన్నాను.

జనవరి 19

నిజంగానే సవరం కొనుక్కొచ్చి పిన్నీసుతో గుచ్చిపోయాడు. కళాపోషకుడు!

జనవరి 24

టోర్నమెంటు. శ్యామల అనే రైడర్, గని కార్మికుడి కూతురు, బాయ్‌కట్. ఒక్క కూతలో ముగ్గురిని ఔట్ చేసింది. అవతలి కోచ్ లేచాడు. మళ్లీ అదే మాట, పిల్ల కాదు పిల్లగాడని. ఇన్నేళ్లలో ఒక్క కొత్త మాటైనా నేర్చుకోలేదు వీళ్లు. ప్రేమ్‌సాగర్ మైకు దించి, జర లోపలికి రా బిడ్డా, డౌట్ క్లియర్ చేసుకుందం అన్నాడు. శ్యామల తలొంచుకుని అటు కదిలింది.

ఎలా వెళ్లానో తెలియదు, కోర్టులో ఉన్నాను. ఆ పిల్ల చేయి పట్టుకుని, పోవద్దు అన్నాను. బయటోళ్లకేం పని అని ఎవరో అరిచారు. బయటోళ్లట!

అప్పుడు అవతలి జట్టు కెప్టెన్ దీపిక, ఇందాక ఔటైన ముగ్గురిలో ఒకతె, వచ్చి మ్యాట్ మీద కూర్చుంది. ఔటైంది నేను, నాకు లేని డౌటు మీకెందుకు సార్, ఆమెను తోల్కపోతే మేం ఆడం అంది. రెండు జట్లూ కూర్చున్నాయి. జనం ఈలలు. ప్రేమ్‌సాగర్ మైకెత్తి స్త్రీశక్తి జిందాబాద్ అన్నాడు, ఆలోచన తనదే అయినట్టు.

ఆట సాగింది. దీపిక జట్టు ఓడింది. నా ఆర్ట్‌వర్క్‌ను ఒక్కరూ చూడలేదు. చూడకపోతే పోనీ.

జనవరి 27

శ్యామల ఫోన్. ప్రాక్టీసుకు ఒకరు తక్కువైన్రు, వస్తవా మాసక్కా అంది. వెళ్లాను. మొదటి కూతకే పట్టేశారు. మోచేయి గీరుకుపోయింది. రేపు మళ్లీ.