గట్టు మీది ఈల

నవంబర్ 11, శనివారం

గెలిచాం. 2-0. టీవీలో కామెంటేటర్ నా గురించి అన్న మాటని అందరూ ఫోన్లలో పంపుతున్నారు. ఇరవయ్యేళ్ళకే ఆటని ఇంత బాగా చదివే డిఫెండర్‌ని ఈ మధ్య చూళ్ళేదట. బంతి వచ్చే ముందే టెగన్ అక్కడ ఉంటుందట. కోచ్ లియాన్‌ కూడా అదే పాట పాడింది, అందరి ముందూ. నేను బూట్ల లేసులు విప్పుకుంటూ తల ఎత్తలేదు. సిగ్గనుకున్నారు.

సిగ్గు కాదు. భయం.

నాన్న ఎప్పట్లాగే గోలు వెనక గడ్డి గట్టు మీద, మడత కుర్చీలో, ఫ్లాస్కుతో. సగం ఆటయ్యాక మేం వైపులు మారితే ఆయనా కుర్చీ చంకన పెట్టుకుని అవతలి గట్టుకి మారతాడు. జెరిల్డరీ దగ్గర మా గొర్రెల ఫారం నుంచి మెల్‌బోర్న్‌కి వచ్చేసరికి సగం రోజు పోతుంది. ఆటయ్యాక బండి దగ్గర కాసేపు నించున్నాం. బాగా ఆడావ్ అన్నాడు. ఈసారి కూడా వాన పడేలా లేదు అన్నాడు. కుక్కలకి తిండి పెట్టాలి, వస్తా అన్నాడు. అమ్మ పెర్త్ వెళ్ళిపోయినప్పట్నించీ మా ఇద్దరి మధ్యా మాటలంటే అంతే.

నవంబర్ 12

ఎవరికీ చెప్పనిది ఇక్కడైనా రాయాలి. ఆటని చదివేది నేను కాదు. నాన్న.

రెండు పొట్టి ఈలలు వేస్తే ముందుకి. ఒక పొడుగు ఈల వేస్తే ఆగు. గొర్రెల్ని తోలే మా కెల్పీ కుక్కలకి నేర్పినవే. చిన్నప్పుడు గొర్రెల్ని దొడ్లోకి తోలేటప్పుడు ఒక కుక్క తక్కువైతే ఆ చోట నన్ను నిలబెట్టేవాడు. నాకదో సరదా. ఊళ్ళో పిల్లల సాకర్ టీమ్‌లో చేరాక, ఒకరోజు బయట నించుని అలవాటు కొద్దీ ఈల వేశాడు. నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. బంతి వచ్చి నా పాదాల దగ్గర పడింది. ఆ రోజు నుంచీ ఇదే.

ఆయనకి సాకర్ రాదు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటని అడిగితే టోపీ తీసి తల గోక్కుంటాడు. కానీ గుంపు ఎటు విరగబోతోందో గుంపుకంటే ముందే తెలుస్తుంది. మేం నలుగురు డిఫెండర్లం ఏ క్షణంలో కలిసి ముందుకి అడుగేస్తే అవతలి స్ట్రైకర్ మా వెనక మిగిలిపోయి ఆఫ్‌సైడ్‌లో చిక్కుతుందో, ఆ క్షణం ఆయనకి తెలుసు. నాకు తెలియదు. నాకున్నవి చెవులు మాత్రమే.

గట్టు మీద ఎవడో పనిలేనివాడు ఈలలేస్తున్నాడని అనుకుంటారు జనం.

డిసెంబర్ 2, శనివారం

కొంప మునిగింది.

అవతలి స్ట్రైకర్ బంతితో మా గోలు ముందుకి వచ్చేసింది. నాన్న పొడుగు ఈల వేశాడు, నన్ను ముందుకి ఉరక్కుండా ఉన్నచోటే ఉండమని. ఆ అమ్మాయి రిఫరీ విజిల్ అనుకుని టక్కున ఆగిపోయింది. నేను బంతి తీసుకుని ముందుకి కొట్టాను. అట్నించి అటే మావాళ్ళు గోల్ చేశారు.

ఇక చూడాలి ఆ గోల. వాళ్ళ కోచ్ బెంచీ మీంచి గంతేసి, ఎవడ్రా ఆ ఈలేసిన సన్నాసి, బయటికి రమ్మను అని అరుపులు. రిఫరీ గట్టు దాకా నడిచివెళ్ళింది. ఎవ్వరూ నోరు విప్పలేదు. నాన్న ఏమీ ఎరగనట్టు ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నాడు. పక్కనున్న ముసలావిడ ఆయనకి బిస్కెట్ ఇచ్చింది.

అందరూ గట్టు వైపు చూస్తుంటే డెస్పీ ఒక్కతే నా వైపు చూసింది.

డిసెంబర్ 3

డెస్పీ నా పక్కన ఆడే డిఫెండర్. మెల్‌బోర్న్‌లోనే ఓక్లీ పేటలో గ్రీకుల పిల్ల, నాకంటే పదకొండేళ్ళు పెద్దది. ఇద్దరం ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. పొద్దున వంటింట్లో పట్టుకుంది. ఒసేయ్, ఆ పిల్ల ఆగిపోయినా నువ్వు ఆట ఆపలేదేంటే, అది రిఫరీ విజిల్ కాదని నీకెలా తెలుసు అంది.

చెప్పేశాను. అంతా.

నవ్వింది. టోస్ట్ మాడి కంపు కొట్టేదాకా నవ్వింది. భౌ భౌ అంది. కూర్చో అంటే కూర్చుంటావా, షేక్ హ్యాండ్ ఇస్తావా అంది. తర్వాత నవ్వు పోయింది. మూడేళ్ళుగా నీ పక్కన గొంతు చించుకుంటున్నాను, నువ్వు ఒక్క మాట తిరిగి అరిచిన పాపాన పోలేదు, పాపం నెమ్మదస్తురాలు అనుకున్నాను, ఇన్నాళ్ళూ నా పక్కన ఆడింది నువ్వా, మీ నాన్నా అంది.

మాడిన టోస్ట్ గీక్కుని తిన్నాను.

డిసెంబర్ 6

ఇకనుంచి స్టేడియంలో ఎవరు ఈల వేసినా బయటికి పంపేస్తామని క్లబ్బు చెప్పింది. జనవరి ఆరున జాతీయ అండర్-23 జట్టు సెలెక్టర్ నా ఆట చూడ్డానికి వస్తోందని కూడా చెప్పింది. రెండూ ఒకే మీటింగ్‌లో, ఒకదాని వెంట ఒకటి. అందరూ నా భుజం తట్టారు.

నాన్నకి ఫోన్ చేశాను. దానికేముందమ్మా, వేళ్ళు పెట్టకుండా నాలికతో మెల్లగా వేస్తాలే, పిట్ట అనుకుంటారు అన్నాడు. వద్దు నాన్నా, రా, కూర్చో, చూడు, ఈల మాత్రం వద్దు అన్నాను. సరే అన్నాడు. గొర్రెల కాళ్ళకి పుండ్లు పడుతున్నాయి అన్నాడు. పెట్టేశాడు.

డిసెంబర్ 16

1-4. అందులో రెండు నా వల్లే.

డిసెంబర్ 18

లియాన్ ఆఫీసుకి పిలిచింది. ఎవడైనా కుర్రాడా, ఇంట్లో గొడవా, ఒంట్లో బాలేదా అని అడిగింది. ఏం లేదన్నాను. మరి ఆ కాళ్ళకేమైంది, మేకులు కొట్టారా అంది. వచ్చే ఆట బెంచీ మీద.

కాళ్ళకేమీ కాలేదు. నేను వింటున్నాను. బంతి వస్తుంటే చూడాల్సింది పోయి వింటున్నాను. ఎప్పుడూ వినడమే గానీ చూడ్డం నేర్చుకోలేదు. ఈ వాక్యం రాసి, చదివి, ఏడ్చాను.

డిసెంబర్ 25, ఫారం

వేడిగాలి, ఈగలు. చల్లటి హ్యామ్, బీట్‌రూట్, నాన్న వండినవి కాదు, డబ్బాలోవి. ఇద్దరమే. క్రిస్మస్ కాగితం కిరీటాలు పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నాం.

తిన్నాక గొర్రెల్ని ఇంకో మేతబీడులోకి మార్చడానికి వెళ్ళాం. నువ్వు ఏం చూస్తావో నాకు నేర్పు నాన్నా అని అడిగాను. చూస్తే తెలుస్తుంది అన్నాడు. ఏం చూస్తే? అన్నీ. అన్నీ అంటే ఏంటి? అదిగో, ఆ పెద్దది ఇప్పుడు అటు పోతుంది చూడు అన్నాడు. అటే పోయింది. ఎలా తెలిసింది చెప్పు, చెప్పవేం అని అరిచేశాను. కుక్కలు కూడా బెదిరాయి.

నాన్న గేటు పట్టుకుని నించున్నాడు. నాకు చెప్పడం చేతకాదు తల్లీ, చేతనైతే ఈలలెందుకు వేస్తాను అన్నాడు.

జనవరి 6, శనివారం

నా చోట ఆడే అమ్మాయికి తొడ కండరం పట్టేసింది. నన్ను దింపారు. సెలెక్టర్ నీలం టోపీతో స్టాండ్‌లో కూర్చుంది. నాన్న గట్టు మీద.

పర్లేదు, బాగానే ఆడాను. డెస్పీ అరిచింది, నేను చేశాను. చివర్లో 0-0 ఉండగా వాళ్ళు మధ్యలోంచి బంతి తెచ్చారు. ముందుకెళ్ళాలా, ఆగాలా? డెస్పీ దూరంగా ఉండిపోయింది. నేను గట్టు వైపు చూశాను.

నాన్న కుర్చీలోంచి లేచి ఉన్నాడు. చెయ్యి నోటి దాకా వెళ్ళింది. వేళ్ళు పెదాల మీద ఆగాయి. ఆ చేతిని కిందికి దించి జేబులో పెట్టుకున్నాడు.

నేను ఆయన చేతిని చూస్తుండగా స్ట్రైకర్ నా పక్కనుంచి వెళ్ళిపోయింది. 0-1.

అదే రోజు, ఇంకా

బండి దగ్గర నాన్న మీద పడ్డాను. ఎందుకు వెయ్యలేదు, నీకు తెలుసుగా, ఎందుకు వెయ్యలేదు అని. జనం చూస్తున్నారు, చూడనీ. నువ్వే వద్దన్నావుగా అన్నాడు. అంతే. అందులో కోపం లేదు. అదే నన్ను ఇంకా చంపింది. ఇక రావద్దు, నా ఆటలకి రానే రావద్దు అన్నాను.

కుర్చీ మడిచి వెనక పెట్టాడు. రేపు నీళ్ళ తొట్టి బాగుచెయ్యాలి అన్నాడు. బండి స్టార్ట్ చెయ్యడానికి రెండుసార్లు తాళం తిప్పాడు.

ఛీ. ఎంత మాట అన్నాను.

జనవరి 9

సెలెక్ట్ కాలేదు.

జనవరి 20

లియాన్‌కి చెప్పేశాను. కుక్కల సంగతి, ఈలల సంగతి, మొత్తం. డెస్పీ తలుపు దగ్గర కాపలా నించుంది, నేను పారిపోకుండా.

లియాన్ పెన్నుకి మూత పెట్టింది. మీ నాన్నకి అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం కావాలేమో కనుక్కో అంది. తర్వాత సీరియస్ అయింది. సీజన్ అయిపోయాక నీకు మళ్ళీ కాంట్రాక్ట్ ఇవ్వాలంటే ఒక్కటే షరతు, ఇకనుంచి డిఫెండర్ల లైన్ ముందుకెళ్ళాలో ఆగాలో నువ్వే అరిచి చెప్పాలి, డెస్పీ కాదు అంది. నాకు రాదు, తప్పులు పోతాయి అన్నాను. పోనీ, కానీ గట్టిగా అరిచి తప్పు చెయ్యి, నలుగురూ కలిసి ముందుకెళ్తే తప్పు కూడా పనిచేస్తుంది, ఒక్కత్తివే ఆలోచిస్తూ నించుంటే ఒప్పయినా మనకి గోల్ పడుతుంది అంది.

డెస్పీ తలుపు అవతల్నించి చప్పట్లు కొట్టింది.

ఫిబ్రవరి 3

అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, పిల్లిపిల్లలా. అరిచావ్ సరే తల్లీ, బంతి వెళ్ళిపోయాక అరిస్తే ఏం లాభం అంది డెస్పీ. ఓడిపోయాం.

ఫిబ్రవరి 17

డ్రా. మూడుసార్లు ముందుకి పిలిచాను. రెండుసార్లు స్ట్రైకర్ చిక్కింది. మూడోసారి మా గోల్‌కీపర్ కాపాడి, ఆ తర్వాత నాకు తెలియని తిట్లు తిట్టింది. గట్టు మీద మడత కుర్చీలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే చూశాను. ఆయన రాలేదు. రావద్దన్నది నేనే కదా.

మార్చి 2

ఫోన్ చేద్దామని తీశాను. ఏమని మొదలుపెట్టాలి? గొర్రెల కాళ్ళెలా ఉన్నాయి అనా? పెట్టేశాను.

మార్చి 30, శనివారం

1-1. ఆ ఒక్కటీ నా తప్పే, తొందరపడ్డాను. మిగతా ఆటంతా లైన్ నాదే. మొదటి నిమిషం నుంచి చివరి దాకా అరిచాను. గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప శబ్దం రావట్లేదు. లియాన్ కాంట్రాక్ట్ సంగతి సోమవారం చెబుతానంది. డెస్పీ తేనె, నిమ్మకాయ పెట్టి వెళ్ళింది.

నాన్న ఫోన్ చేశాడు. ఆయన ఎప్పుడూ చెయ్యడు. ఎత్తాను, మాట రాలేదు. ఊపిరి వినిపించి ఉంటుంది. టెగన్, గొంతు పోయిందా అన్నాడు. పోతుంది మరి, పక్కింటాయన కంప్యూటర్లో నీ ఆట చూశాను, అంతలా అరిస్తే పోదూ అన్నాడు. ఆగాడు. నేను మాట్లాడతానేమోనని చూశాడు. నా వల్ల కాదు. ఇద్దరిలో ఎవరో ఒకరు మాట్లాడాలి.

ఆయనే మొదలుపెట్టాడు. గొర్రె కదిలే ముందు కాలు చూడకూడదట, మెడ చూడాలట. మనిషీ అంతేనట. ఇవాళ్టి గోల్ అప్పుడు ఆ స్ట్రైకర్ పిల్ల మెడ ఇటు తిరిగిందట, ఒంటి బరువు మాత్రం అటే ఉందట, అక్కడ నేను మోసపోయానట. నిన్న మొన్నటి దాకా తనకీ తెలియదట, మాటల్లో పెట్టడానికి రెండు నెలలుగా రోజూ దొడ్లో కూర్చుని గొర్రెల్ని చూస్తున్నాడట.

స్పీకర్‌లో పెట్టి ఇది రాస్తున్నాను. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.