సుబ్బమ్మక్క ఇచ్చే కాగితం

కడప, 1956
గురువారం రాత్రి

మా వారపత్రిక అమ్మకాలతో బతికేది కాదు. రెండేళ్లుగా కాగితం కొనిపెడుతున్నది సుబ్బమ్మక్కే. ఇది రాయి, అది మానుకో అని ఎన్నడూ అనలేదు.

ఆమె మరిది నడిపే ముగ్గురాయి గనిలో మట్టిపెళ్లలు విరిగిపడి ఇద్దరు కూలీలు చనిపోయారు. ఆ వార్త అచ్చుకిచ్చే ముందు, ఈ సాయంత్రం ఆమె దగ్గరకు వెళ్లాను. వద్దంటుందేమోనన్న ఆశతోనే వెళ్లాను.

చదివించుకుని విన్నది.

"చచ్చినోళ్ల పేర్లు యాడప్పా?"

"రాయలేదక్కా."

"రాయి. మా మరిది పేరు గూడా రాయి. లేకుంటే నేను కాగితం ఇచ్చేది ఎందుకు?"

"మీరు ఆయనతో ఒకే ఇంట్లో ఉండాలి కదక్కా. కాగితం మీరిచ్చిందేనని తెలిస్తే?"

"తెలుస్తాది." తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నాకూ శానా భయంగానే ఉండాది. నువ్వు పో."

పేర్లు చేర్చి అచ్చుకిచ్చి వచ్చాను. ఇంటికి రాగానే గడియ వేశాను. పడుకున్నాక మళ్లీ లేచి, పడిందో లేదో చూసుకున్నాను. నేను భయపడే మనిషి గడియకు బయట ఉన్నాడు. ఆమెకు లోపలే ఉన్నాడు.

పొద్దున్నే పత్రిక ఆ ఇంటికీ పోతుంది. ముందు ఎవరి చేతికి అందుతుందో...