లావెండర్ దాహం

మిల్టన్ కీన్స్, ఇంగ్లండ్

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఇంటి ముందున్న లావెండర్ మొక్కలకు, మీరు నేర్పినట్టే, రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోశాను. అవి పసుపెక్కిపోయాయి. పక్కింట్లో ఉండే మా ఓనరు రోజమ్మ ఆంటీ ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని భయపడ్డాను. మీ అబ్బాయికి కూడా చెప్పలేదు.

పోయిన నెల ఆంటీ వచ్చి మట్టి తడిమి చూశారు. "ఎంత ప్రేమే పిల్లా, ముంచేశావు. ఇవి ఎండకు ఓర్చే మొక్కలు. వాన చాలు, నువ్వు గార్డెన్ వైపు పోకు" అని నవ్వారు. నా గుండె కుదుటపడింది.

మీ మాట తప్పని కాదు అత్తయ్యా, వీటి తీరే వేరు. నీళ్లు మానేశాక చిగుళ్లు వేసి పూశాయి. ఇవాళ ఆ పూల ముందు సీతాకోకచిలుక లాంటి ఒక చిమ్మట పురుగు, తేనెపిట్టలా రెక్కలాడిస్తూ గాలిలో నిలబడి తేనె తాగింది. చూపిద్దామని, మొదటిసారి నేనే వెళ్లి ఆంటీ తలుపు తట్టాను.

మీ కోడలు