లోకంలో వంద నోటు

5 మార్చి 1995
బాబాయి సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాడు. ఇవాళ ఇంట్లోనే కూర్చుని షూటింగ్‌కి డబ్బు కట్టలు కట్టాడు. నోటు సైజుకి తెల్ల కాగితాలు కోసి, పైన ఒక్క అసలు నోటు పెట్టి, రబ్బర్ బ్యాండ్ వేయడం. కెమెరాకి పైదే కనిపిస్తుందమ్మాయ్, లోపల ఏముంటే ఎవడిక్కావాలి అన్నాడు.

పైన ఉంటుంది కాబట్టి పైకం! నిఘంటువు వేరే చెబుతుంది. చెప్పనీ.

6 మార్చి
బస్సులో తట్టింది. పైకాన్ని తిరగేస్తే లోకం!

కట్టని తిరగేస్తాను. పైనా కిందా తెల్ల కాగితాలే, మధ్యలో ఒక్క అసలు వంద. కనపడదు. నమ్మాలి. పేరు "లోకం". ట్యూషన్లు చెప్పి దాచుకున్న వంద అది. మూల మీద పెన్సిల్‌తో "లో" అని రాశాను.

9 మార్చి
జూబ్లీహిల్స్ గ్యాలరీ ఓనర్ శ్యామలాదేవి గారు చూశారు. నిజంగా ఉందా, విప్పి చూపించు అన్నారు. విప్పితే ఇంకేముందండీ అన్నాను. నవ్వారు. ఆదివారం ఓపెనింగ్. మా ఫైన్ ఆర్ట్స్ క్లాసులో నా ఒక్కదాని వర్కే తీసుకున్నారు!

11 మార్చి, మధ్యాహ్నం
కట్ట లేదు. ఎక్కడా లేదు.

11 మార్చి, సాయంత్రం
బాబాయి పట్టుకెళ్లాడు. ఉత్త కాగితాల కట్ట చూసి, పైన నోటు పెట్టడం మర్చిపోయాననుకున్నాడట. పెట్టి, షూటింగ్‌కి ఇచ్చేశాడు. హీరో మేడ మీంచి విసిరేశాడు. అందులో నా వంద ఉందంటే, మధ్యలో నోటు పెట్టేవాళ్లని ఈ ఇండస్ట్రీలో ఎక్కడా చూడలేదే అని నన్నే తిట్టాడు. ఒళ్లు మండిపోయింది.

ఇంకో వంద నా దగ్గర లేదు. బాబాయి దగ్గరున్నవన్నీ కంపెనీవి. ఉత్త కాగితాలతోనే మళ్లీ కట్టాను. పేరు కార్డు మీద "లోకం", దాని కింద "కాగితం, వంద రూపాయల నోటు" అని ఉండేది. "వంద రూపాయల నోటు" అన్న మాటలు కొట్టేశాను. అబద్ధం రాయలేను.

12 మార్చి
ఓపెనింగ్‌లో నా కట్ట దగ్గర ఎవరూ ఆగలేదు. ఒకాయన దాని మీద టీ కప్పు పెట్టబోయాడు.

14 మార్చి
సెట్ సామాన్లు చూసుకునే వెంకటనర్సయ్య గ్యాలరీకి వచ్చాడు. బాబాయి చెప్పాడట, కాగితాలు ఏరుతుంటే నా వంద దొరికిందట. మూల మీద "లో" ఉంది. గిదేనా బిడ్డా నీ నోటు, జర చూస్కో అన్నాడు. నేను థాంక్స్ చెప్పేలోపే రబ్బర్ బ్యాండ్ ఎత్తి పైన దోపేశాడు. అయ్యో, లోపల పెట్టాలి అన్నాను. లోపల వెడితే ఎవలకు కనవడ్తది, పైసలంటే పైన్నే ఉండాలె అన్నాడు.

తీయబోయాను. శ్యామలాదేవి గారు చెయ్యి పట్టుకున్నారు. అప్పటికే నలుగురు మూగారు. ఉండనీ అమ్మా, ఇప్పుడే కదా చూస్తున్నారు అన్నారు.

చూడమని నేనెప్పుడు అడిగాను? నమ్మమన్నాను.

15 మార్చి
అమ్ముడుపోయింది. కొన్నావిడ పేరు కార్డు కూడా అడిగింది. "లో" కొట్టేసి, "పై" రాసి ఇచ్చాను.