పాత అచ్చులు పొయ్యిలో పెట్టకండి

గుడివాడ,
తొమ్మిదో తారీఖు

వీరలక్ష్మి అత్తయ్యకి నమస్కారాలు.

ఎల్లుండి పెడనలో బట్టలు ఉడకబెట్టడానికి పొయ్యి వెలిగిస్తారని, రేపు మీ దగ్గరికి వస్తున్న తనూజ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం తన చేతికే ఇచ్చి పంపుతున్నాను. బట్టల మీద అద్దకానికి మావయ్య చెక్కిన పాత చెక్క అచ్చులు పొయ్యిలో పెట్టకండి. నిన్న ఫోన్ చేసి కూడా ఈ మాట చెప్పలేక, వాన గురించి మాట్లాడి పెట్టేశాను.

ఆ అచ్చుల ఫొటోలన్నీ తీసి మీకిచ్చిన స్టోరేజీ పెట్టెలో దాచానుగా. కంప్యూటరు నుంచి పెట్టెలోకి ఫొటోలు చేరవేసే డ్రైవర్ ప్రోగ్రాం నేనే రాశాను. పంపినదాంట్లో ఎంత అందిందో పెట్టె ప్రతిసారీ చెప్తుంది. నా ప్రోగ్రాం అది పట్టించుకోకుండా, అంతా చేరిందని చెప్పింది. అందుకే ఏ ఫొటోలోనూ కింది భాగం లేదు.

పెట్టె మీకు ఇచ్చే ముందురోజే, ఫొటోలు సరిచూస్తుంటే, పంపినంత అందలేదని తెర మీద హెచ్చరిక వచ్చింది. మర్నాడు మీరు "మన పిల్ల చేసింది" అని చూపించడానికి వీధంతా పిలిచారు. అక్షరం రాని మా అమ్మ కూడా వస్తానంది. ఆ హెచ్చరిక కనబడకుండా చేసేశాను. కెమెరాలోవి, కంప్యూటర్లోవి కూడా తుడిచేశాను. "ఇంక ఈ చెక్కముక్కలెందుకే, పొయ్యిలోకన్నా పనికొస్తాయి" అని మీరంటే నవ్వి ఊరుకున్నాను.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో దొరికింది, సరిచేశాను. పోయినవి మాత్రం రావు. అచ్చులుంటే వచ్చి మళ్ళీ ఫొటోలు తీస్తాను.

కిందటిసారి పొయ్యిలోనే కొన్ని కాలిపోయి ఉంటే, నేను బాధపడతానని అన్నీ ఉన్నాయని మాత్రం రాయకండి, అత్తయ్యా. ఏవి మిగిలాయో ఉన్నది ఉన్నట్టు పన్నెండో తారీఖులోపు తెలియజేయండి.