బావా, నీ ఆస్పరాగస్ వచ్చింది

బావా,

నువ్వు నాటిన ఆస్పరాగస్‌కి ఇది మూడో వసంతం. "రెండేళ్ళు కొయ్యకూడదురా, వేరు బలపడాలి" అనేవాడివి. "తోటకూరైతే ఈపాటికి మనవళ్ళనెత్తేది" అని ఎకసెక్కం చేసి, స్టోర్‌లో కొన్న ఆస్పరాగస్ కాడలు నీ మడిలో గుచ్చి, "మొలిచాయి బావా" అని నిన్ను పరిగెత్తించాను.

నువ్వు పోయాక అక్క బ్యాక్‌యార్డ్ తలుపు తియ్యలేదు. ఈ బాతెల్ ఊరి వానలకి ఇవాళ నిజంగానే కాడలొచ్చాయంటే నమ్మలేదు. "పోయిన మనిషితో కూడా పరాచికాలేంట్రా?" అంటూ విసురుగా వచ్చి ఒకదాన్ని పట్టుకు లాగింది. కాడ పుటుక్కున విరిగింది గానీ వేరు కదల్లేదు.

అక్క ఆ తడి మట్టిలోనే కూలబడింది. నేను నోరు మూసుకున్నాను. నమ్ము, నేనే. కాసేపటికి "కలుపెంత పెరిగిందో చూడరా" అంటూ గడ్డి పీకడం మొదలుపెట్టింది. అన్నానికి పిలిచినా లేవలేదు.